ఇంకా కొండలు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ పూట పాలల్లో నీళ్ళు ఎక్కువ పడ్డాయనుకుంటాను. ఇంటికొచ్చిన చుట్టం కాఫీ బాగుందంటే, ఏం తక్కువైందోనని వంటింట్లోకి వెళ్ళి మిగిలిన చుక్క నోట్లో వేసుకుని చూస్తాను. "నిన్ను బడిలో కాదు, ఎలవూరు చెక్‌పోస్టులో కూర్చోబెట్టాల్సింది, ఒక్క లారీ దాటేది కాదు" అని మా ఆయన ఏడిపించేవాడు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకునేదాన్ని. అనుమానం ఉన్నవాళ్ళు మోసపోరని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎట్లా పోయిందో, దానితోపాటు ఏమేం పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. తిరుత్తణి ఊరి చివర నేతవీధిలో మా అత్తగారిల్లు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. ఇంట్లో మామ, మా ఆయన, నేను. మా ఆయనకు మద్రాసు దారిలో పట్టాభిరామ్ అనే ఊరి దగ్గర చిన్న ఫ్యాక్టరీలో పని. పొద్దున్నే రైలుబండెక్కితే పొద్దుగూకి దిగేవాడు. మామ గుంటమగ్గంలో కూర్చుని లుంగీలు నేసేవాడు. నేను వీధి మొగలో ఉన్న చిన్న బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బస్సు బోర్డు తమిళంలో చదివే పిల్లలు మా పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలూ అంతే. నగరి నుంచో పుత్తూరు నుంచో చుట్టాలు తెలుగులో ఉత్తరం రాస్తే అది నా దగ్గరికే వచ్చేది. పెళ్ళిపత్రిక వచ్చినా అంతే. నేను చదివి చెప్పిందే అందులో ఉన్నది. తిరిగి చూసుకునే వాళ్ళు లేరు, చూసినా వాళ్ళకు తెలిసేది కాదు. ఆ గౌరవం నాకు మహా ఇష్టంగా ఉండేది.

తిరుత్తణి అంటే అందరికీ తెలిసిన కొండ ఒకటుంది. మెట్లున్నది, కావళ్ళు ఎక్కేది. నేను చెప్పబోయేది దాని సంగతి కాదు. మా వీధికి పడమర, నాలుగు చెలకలు దాటాక ఒక గుట్ట ఉండేది. చెట్టూ చేమా లేదు, ఎక్కడానికి మెట్లు లేవు. పైన మోకాలెత్తు రాయి ఒకటి పసుపు పూసుకుని కూర్చునేది. ముఖం లేదు, చేతులు లేవు. కొండమ్మ అనేవాళ్ళు. ఆమెను చూసుకునే వంతు తరతరాలుగా మా మామ ఇంటిది.

మా వీధిలో గంజి పెట్టడానికి పొద్దున్నే పడుగు సాచేవాళ్ళు. ఈ కొస నుంచి ఆ కొసదాకా వీధి పొడవునా నూలు. ఆ పడుగు తల ఎప్పుడూ గుట్టవైపే ఉండాలి. సాచగానే మొదటి పోగు మూరెడు తెంచి పక్కన పెట్టుకోవాలి. ఏడాది పొడవునా ఇంటింటా తెంచిన పోగులన్నీ తమిళుల ఆడినెలలో ఒక శుక్రవారం కలిపి పేని తాడు చేసి కొండమ్మకు చుట్టేవాళ్ళు. ఆమెకు చీరా లేదు, నగా లేదు. మా వీధి నూలే ఆమె ఒంటి మీద బట్ట. ఊరేగింపు కూడా లేదు. కొండమ్మ కిందికి రాకూడదని కట్టడి. ఎందుకని నేను కొత్తలో అడిగితే మామ ఒకే మాట చెప్పాడు. "పైనుంటేనే అమ్మ. దించితే రాయి."

పెద్ద కొండ విషయంలో ఆయనకు లోపల ఒక చిన్న మంట ఉండేది. ఆయన వయసులో ఉన్నప్పుడు తిరుత్తణి ఆంధ్రలో చిత్తూరు జిల్లాలో ఉండేది, తర్వాత ఇటు తమిళనాడులోకి మారింది. గుడి అదే, మెట్లు అవే, దేవుడూ ఆయనే, మామ ఎక్కడం కూడా మానలేదు. అయినా ఆయన లెక్కలో అది పోయిన కొండ. "మేం యాడికీ పోలేదమ్మా, కొండే పోయినాది. ఈ గుట్టొకటి మిగిలినాది" అనేవాడు. ఆ మాట నా చెవిలో బాగా ఇంకిపోయింది.

అట్లాంటి ఇంటికి ఆ లెక్చరర్ వచ్చాడు. కోస్తా వైపు మనిషి, యాభై దాటిన వయసు. ఏదో కాలేజీలో చరిత్ర చెబుతూ సంవత్సరం సెలవు పెట్టి పుస్తకం రాసుకుంటున్నాడట. మద్రాసులో లైబ్రరీ పని ఉంది, అక్కడ గది దొరకలేదు. బండిలో తిరువళ్ళూరు దగ్గర కిటికీ పక్క సీటు కోసం మొదలైన మాటలు తిరువాలంగాడు వచ్చేసరికి మా ముందుగదిదాకా వచ్చాయని మా ఆయన చెప్పాడు. ఆ గదిలో ఒకప్పుడు రెండో మగ్గం ఉండేది. దాన్ని తీసేశాక ఖాళీగానే ఉంది. సరే రమ్మన్నాడట. నాతో ఒక్క మాట అనలేదు. అందుకే నాకు లెక్చరర్ మీద మొదటి రోజే అనుమానం పుట్టిందని మా ఆయన అంటాడు. అది కొంత నిజమే.

మిగతాదానికి కారణాలు ఉన్నాయి. తిరుత్తణికి వచ్చిన మనిషి పెద్ద కొండ ఎక్కలేదు. ఒక వారం, రెండు వారాలు, నెల. పొద్దున్నే పక్కన పుస్తకం పెట్టుకుని మా గుట్టవైపు చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు కాఫీ ఇస్తూ అడిగాను, ఏం రాస్తున్నారు సార్ అని. కొండల గురించి అన్నాడు. ఏ కొండలని అడిగాను. చాలా దూరపు కొండలమ్మా అని నవ్వాడు. దూరపు కొండల గురించి రాసేవాడికి మా గుట్ట ముందు ఏం పని? ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మామకు మాత్రం ఆయన తెగ నచ్చాడు. మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుని గంటలకొద్దీ అడిగేవాడు. కొండమ్మను ఎవరు పెట్టారు, ఎన్ని ఇళ్ళవాళ్ళు మొక్కుతారు, పెద్ద కొండ దేవుడికీ ఈమెకూ చుట్టరికం ఉందా, పడుగు తల అటే ఎందుకు. మామ అటూ ఇటూ ఆడే నాడె ఆపి మరీ చెప్పేవాడు. తమ సంగతి అడిగితే మురిసిపోని ముసలివాళ్ళు ఎవరుంటారు? నేను వంటింట్లోంచి చెవులు రిక్కించి వినేదాన్ని. అడిగిన ప్రతిదీ ఆయన రాసుకుంటున్నాడు. మా ఆయనకు చెబితే, చరిత్ర మాస్టారు అడగక ఇంకెవరు అడుగుతారని కొట్టిపారేశాడు. ఒకసారి మామా, లెక్చరరూ కలిసి గుట్టెక్కి వచ్చారు. ఆ మర్నాడు వీధిలో పడుగు సాచి ఉంటే లెక్చరర్ అరుగు మీద నిలబడి స్కేలు పెట్టి గీత గీస్తున్నాడు. వెనకనుంచి తొంగిచూశాను. మా వీధి, వీధిలోనుంచి సూటిగా ఒక గీత, ఆ గీత చివర గుట్ట.

సోమవారాలు ఆయన మద్రాసు పోయేవాడు. అప్పుడు ఆ గది ఊడ్చేదాన్ని. ఒక సోమవారం బల్ల మీద నోటుపుస్తకం ఉంది. ఊడుస్తుంటే చెయ్యి తగిలి తెరుచుకుందని చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. అది అబద్ధం. చీపురు గోడకు ఆనించి, చేతులు చీరకొంగుకు తుడుచుకుని, నేనే తెరిచాను.

అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, 'ఇంకా కొండలు' అని.

ఒక కొండ పోయింది, సరే. ఇంకా కొండలా? లోపల ముత్యాల్లాంటి చేతిరాతతో అంశాలు వేసుకున్నాడు. లొంగిన ఊళ్ళలో ఏ కొండకు ఎవరు మొక్కుతారో ముందుగా వివరం సేకరించడం. ఊరి దేవతను కొండ దించి రాజధానికి తీసుకుపోవడం. ఊరు ఎదురు తిరగకుండా ఆ దేవతను పూచీగా ఉంచుకోవడం. పాత మొక్కు ఉన్నచోట తమ గుడి కట్టడం. నేత తెలిసిన కుటుంబాలను వేరే చోటికి తరలించడం. ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఎక్కడా లేదు. అన్నీ 'డం'తోనే ముగిశాయి. పుట తిప్పితే మా వీధి బొమ్మ, మా ఇల్లు, సూటిగా గుట్టకు పోయే గీత. అది లారీలకు వేసే దారి అని నాకు క్షణంలో తెలిసిపోయింది. రాజధాని అంటే మద్రాసు. సోమవారం సోమవారం ఎక్కడికి పోతున్నాడో కూడా తెలిసిపోయింది.

ఇప్పుడు చెప్పుకుంటే నాకే నవ్వు, ఏడుపు కలిపి వస్తాయి. తెలుగు టీచరును. ఏ మాట ఏ మాటకు ముందు వస్తుందో, ఏది నామవాచకమో, ఏది కాదో పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పినదాన్ని. ఇంగ్లీషులో అయితే పేరుకు పెద్దక్షరం పెట్టేవాడు, నేను ఆగి చూసేదాన్ని. మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేదు. 'ఇంకా' అన్న మాట నేను రోజుకు వందసార్లు వాడేదే. నేను చదవాలనుకున్నదే అక్కడ రాసి ఉంది.

మామకు చదివి వినిపించాను. ఎదురింటి అక్కను కూడా పిలిచాను. ఆమె నోరు వీధికంతా చెవి. గంటలో మా అరుగు నిండిపోయింది. ఒక్కొక్క అంశం చదివాను. నేతవాళ్ళను తరలించడం అన్నచోట ఎదురింటి అక్క గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఎక్కడో సర్వేవాళ్ళు గొలుసులతో నేల కొలుస్తున్నారని తన తమ్ముడు చెప్పాడని గుర్తు చేసుకుంది. మామ అందరికంటే చివర మాట్లాడాడు.

"బాగా చూసి చదివినావా అమ్మా?"

"అదే కదా మామా నా పని."

ఆయన మరి అడగలేదు. ఆ రోజు పనినుంచి వచ్చిన మా ఆయన ఒక్కడే, ఆ లెక్చరర్‌నే సూటిగా అడగరాదా అన్నాడు. అడిగితే ఒప్పుకుంటాడా అని నేను గయ్‌మన్నాను. ఇట్లాంటి వాళ్ళు ముందు దేవతను దించుతారు, వాళ్ళకంటే ముందు మనమే దించి దాచుకుంటే వాళ్ళకేమీ దొరకదు అన్నాను. ఆ ఆలోచన నాదే. ఇంకెవరి మీదకీ నెట్టలేను.

మామ ఆ వారమంతా ఒప్పుకోలేదు. దించితే రాయి అని రెండుసార్లు అన్నాడు. తర్వాతి సోమవారం లెక్చరర్ మళ్ళీ మద్రాసు పోయిన పగటిపూట, అన్నం తిన్నాక, నూలు బుట్ట తీసుకుని లేచాడు. బడికి సెలవు పెట్టిన నేనూ, ఎదురింటి అక్కా వెంట వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం ముగ్గురు మనుషులు బుట్ట మోసుకుపోతే నేతవీధిలో ఎవరు అనుమానిస్తారు? గుట్ట మీద మామ కొండమ్మకు చుట్టిన తాడు విప్పడానికి చాలాసేపు పట్టింది. గట్టిగా పేనిన తాడు, పసుపుకు బిగిసిపోయింది. కత్తి ఇస్తానన్నాను, వద్దన్నాడు. గోళ్ళతోనే విప్పాడు. కింద గుంటలో మట్టి తడిగా ఉంది. దాన్ని కాలితో పూడ్చి, చుట్టూ రాలిన పోగులు కూడా ఏరేశాడు. దిగేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

కొండమ్మను మగ్గం గుంట పక్క మూలలో పెట్టి పైన చుట్టి పెట్టిన నూలు చిలుపలు కప్పాం. మూల చీకటిగా ఉంటుంది. నాకు మాత్రం గెలిచినట్టుగా ఉంది. ఎవరడిగినా గుట్ట మీద ఏమీ లేదని చెప్పమని మామచేత రెండుసార్లు అప్పజెప్పించాను, ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పినట్టు.

మర్నాడు లెక్చరర్ పొద్దున్నే గుట్ట మీదికి వెళ్ళాడు. దిగి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. అమ్మవారు లేదండీ, ఎవరో తీసుకుపోయారని మామతో చెప్పాడు. మామ మగ్గంలోనే తల వంచుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా నాలుక అప్పటికే కాచుకుని ఉంది.

"ఇంకా ఎన్ని కొండలు కావాల సార్ మీకు?"

ఆయనకు అర్థం కాలేదు. నోటుపుస్తకం చూశానని చెప్పాను. అట్ట మీది పేరు చెప్పాను. ఆయన మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"ఇంకాలు అంటే ఒకప్పటి రాజులమ్మా. సముద్రాల అవతల ఉండేవారు. ఎప్పుడో పోయారు. వాళ్ళు గెలిచిన ఊళ్ళ కొండల గురించి నేను రాస్తున్నాను."

నేను నమ్మలేదు. ఇది మాత్రం నా తప్పులన్నిటిలో పెద్దది. రాజుకు ఎవరైనా ఇంకా అని పేరు పెట్టుకుంటారా? ఇక, మళ్ళీ, కూడా అనే రాజులు కూడా ఉన్నారా సార్ అని అడిగాను. అరుగు మీద చేరినవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. మా వీధి బొమ్మ ఎందుకు గీశారని అడిగాను. ఆ రాజుల ఊరినుంచి కూడా మొక్కు ఉన్న చోట్లకు సూటిగా గీతలు పోయేవని, మా పడుగు చూస్తే అదే గుర్తొచ్చి గీసుకున్నానని చెప్పాడు. ఎంత బాగా అల్లుతున్నాడో అనుకున్నాను. గది ఖాళీ చేయమని వీధివాళ్ళు చెప్పారు. ఆయన వాదించలేదు. పెట్టె సర్దుకుని వెళ్తూ మామ దగ్గర ఆగాడు.

"అమ్మవారు మీ దగ్గరే ఉంటే మళ్ళీ పైన పెట్టండి. కింద ఉంచితే ఆ గుట్ట ఎవరిదో అయిపోతుంది."

ఆ మాటతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. పైన పెట్టిస్తే తేలిగ్గా ఎత్తుకుపోవచ్చని కదా. మామ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయన పోయాక మళ్ళీ మగ్గంలోకి దిగాడు.

ఆ తర్వాత మూడు నెలలకు జీపు వచ్చింది. నేను బడిలో ఉన్నాను. రాయి కొట్టుకోవడానికి ఆ గుట్టను ఇమ్మని ఎవరో సర్కారును అడిగారట. అడిగినవాళ్ళు లెక్చరర్‌కు ఏ విధంగానూ తెలియదు, ఆయన వాళ్ళకూ తెలియదు. జీపులో వచ్చిన ఆఫీసువాళ్ళు చేయాల్సిన పని చేశారు. గుట్ట మీద పూజలు జరిగే చోటు ఏమైనా ఉందా అని వీధిలో పెద్దవాళ్ళను అడిగారు. అందరూ మామవైపు చూశారు. మామ వాళ్ళతోపాటు గుట్టెక్కి, బోసిగా ఉన్న తలను చూపించి, ఏమీ లేదు అని చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. నేను ఇంటికి వచ్చేసరికి అరుగు మీద నాకోసం కాచుకుని ఉన్నాడు.

"నువ్వు చెప్పినట్టే చెప్పినా అమ్మా. వాళ్ళు నమ్మినారు."

నేను సంతోషించాను. ఆయనకు ఆ పూట రెండోసారి కాఫీ పెట్టి ఇచ్చాను.

నెల తిరక్కుండానే మధ్యాహ్నం పూట ఈల వినపడింది, తర్వాత గుట్ట దగ్గర ఎర్రజెండా కనపడింది, తర్వాత పెద్ద పేలుడుకు ఇల్లు అదిరింది. మగ్గం మీద పడుగు వణికి నాలుగు పోగులు తెగాయి. మామ వాటిని ముడి వేస్తూ ఏమిటది అని అడిగాడు. నేను బయటికి పరుగెత్తి చూశాను. గుట్ట పక్కటెముక దగ్గర దుమ్ము లేస్తోంది.

తిరువళ్ళూరు సర్కారు ఆఫీసుకు మామను నేనే తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడే, కూర్చోమని నీళ్ళు ఇప్పించాడు. మా మాట అంతా విని కట్ట విప్పి ఒక కాగితం తీశాడు. తమిళంలో నాలుగు వరుసలు, గుట్ట మీద పూజాస్థలం ఏదీ లేదని. అడుగున మామ సంతకం, తెలుగులో. వంకర టింకర అక్షరాలు. పెళ్ళయిన కొత్తలో పలక మీద నేను దిద్దించినవి. మామకు రాయడం వచ్చింది ఆ ఒక్క పేరే.

"ఇదు ఉంగ కైయెళుత్తు దానే, పెరియవరే?" అని అడిగాడాయన. ఇది మీ సంతకమే కదా, పెద్దాయనా అని.

మామ కాగితం దగ్గరికి పెట్టుకుని చూశాడు. "ఆమా" అన్నాడు, అవునని. ఇప్పుడు గుడి ఉందంటే ఎట్లా అని గుమాస్తా నన్ను అడిగాడు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. రాయి ఇంట్లో ఉందని ఎట్లా చెప్పను? మేమే దించామని ఎట్లా చెప్పను? తిరిగి వచ్చే బండిలో మామ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నేను ఏడిచాను. అప్పటికి కూడా, లెక్చరర్ వెళ్ళి వీళ్ళకు చెప్పి ఉంటాడనే నా మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది.

కొండమ్మను తిరిగి పెట్టడానికి గుట్ట మీదికి దారి లేకపోయింది. చుట్టూ ముళ్ళకంచె, కాపలా. మామ ఆమెకు పసుపు పూయడం మానేశాడు. ఇప్పుడది రాయే కదా అన్నాడు. కానీ పడుగు తల మాత్రం అటే ఉంచేవాడు, మొదటి పోగు తెంచి బుట్టలో వేసేవాడు. ఎవరికి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటికి ఆయన కళ్ళలో పొర కమ్ముతోంది. మధ్యాహ్నం గోడలు అదిరాక రోజూ ఒకే మాట అడిగేవాడు. "ఇంకా ఎంత ఉండాది?" నేను వాకిట్లోకి వెళ్ళి చూసి వచ్చి చెప్పేదాన్ని. ముప్పాతిక ఉండాది మామా. సగం ఉండాది మామా. ఒక వేసవిలో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆయనా అడగడం మానేశాడు.

ఆ తర్వాతి సంవత్సరం పోస్టులో పుస్తకం వచ్చింది. పైన చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలు. చూడగానే తెలిసింది. లోపల అట్ట మీద అచ్చులో అదే పేరు, 'ఇంకా కొండలు'. కింద మంచు కప్పిన కొండ బొమ్మ. మొదటి పుటలో మొదటి వాక్యం, ఇంకాలు దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల నేలను ఏలిన రాజులు అని. లోపల చిన్న కాగితం. 'మీ మామగారికి చదివి వినిపించండి, ఆయన చెప్పిన మాటలే నాకు చాలా విషయాలు అర్థమయ్యేలా చేశాయి' అని. నిష్ఠూరం ఒక్క ముక్క లేదు. ఉంటే బాగుండేది.

నాలుగు రోజులు ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టాను. అయిదో రోజు మామ అడిగాడు, ఆనాడు పోస్టులో ఏదో బరువుగా వచ్చింది, ఏందమ్మా అని. కళ్ళు పోయినా పోస్టుమాన్ సైకిలు దించిన చప్పుడు ఆయనకు తెలుస్తుంది. సార్ పుస్తకం అన్నాను. చదవమన్నాడు.

మగ్గం పక్కన, లెక్చరర్ కూర్చునే పీట మీదే కూర్చున్నాను. నాకు ఇష్టం వచ్చింది చదవవచ్చు. నేను చదివి చెప్పిందే అందులో ఉన్నది. ఇంకా కొండలు అంటే మిగిలిన కొండలు మామా అని చెప్పినా నమ్ముతాడు, వీధి అంతా నమ్ముతుంది. నాకు ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చింది, గొంతుదాకా వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు చదివాను. ఇంకాలు రాజులని చదివాను. వాళ్ళు ఊళ్ళు గెలిచాక ఆ ఊరి దేవతలను కొండ దించి తమ రాజధానికి తీసుకుపోయేవారని, మర్యాదగానే ఉంచేవారని, ఊరు ఎదురు తిరిగితే ఆ దేవతను నలుగురిలో పెట్టి కొరడాతో కొట్టించేవారని చదివాను. కొండలకు వాళ్ళు సన్నని నేత బట్టలు అర్పించేవారని చదివాను. అక్కడ మామ చెయ్యి మగ్గం మీద నూలు తడిమింది.

"అంటే ఆ సారు మన గుట్టను అడగనే లేదు."

"లేదు మామా."

"ఆ రాజులూ రాలేదు."

"రాలేదు."

"మనమే దించినాము."

మనం కాదు మామా, నేనే దించినాను అన్నాను. నేనే తప్పు చదివినాను, ఆ మాట పేరని నాకు తెలియలేదు, ఆయన చెప్పినా నమ్మలేదు అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన తిడితే బాగుండునని ఎంతగానో కోరుకున్నాను. ఆయన ముఖం నావైపు లేదు. మూలలో నూలు చిలుపల కింద ఉన్న రాయివైపు ఉంది. కాసేపటికి నాకోసం చెయ్యి చాచి, అందక, పుస్తకం మీద వేసి తట్టాడు.

"ఇంకా చదువు" అన్నాడు.

పుట తిప్పాను.